కంటి నుంచి బయల్దేరిన నరం పోగుకి దారి చూపేది ఏది: వాసనా, రోడ్డా, ప్రాక్టీసా?

మొన్న ఆదివారం అత్తాపూర్‌లో పెళ్ళి. మెహదీపట్నం దాటామో లేదో నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయి మ్యాప్ కాస్తా పోయింది. వెనక సీట్లో మా అన్న కూతురు, ఎమ్మెస్సీ చదువుతోంది, మర్నాడు ఇంటర్నల్స్ అట, పట్టుచీర మీద నోట్స్ పెట్టుకుని కూచుంది. "బాబాయ్, ఇదొక్కటి చెప్పు, మెదడు తయారయ్యేటప్పుడు కంటి నుంచి బయల్దేరిన ఆక్సాన్ కరెక్టుగా దాని చోటుకే ఎట్ల పోతది? నోట్స్‌ల మూడు థియరీలున్నయ్, ఏది బెటరో రాయాల్నట" అంది. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి చెప్పి నోరు అరిగిపోయిన మనిషిని, ఇక ఆగుతానా.

ముందు ఆ ఆక్సాన్, అదే నరం పోగు, దాని కొసన ఏముంటుందో చూడాలి. చిన్న పంజా లాంటిది ఉంటుంది, గ్రోత్ కోన్ అంటారు. సన్నటి వేళ్ళు చాపుతుంది, తడుముతుంది, ఒకటి రెండు వేళ్ళు లాక్కుంటుంది, మిగతా వేళ్ళు అంటుకున్న వైపుకి జరుగుతుంది, చీకట్లో స్విచ్ కోసం గోడ తడిమినట్టే. 1890లో స్పెయిన్ సైంటిస్ట్ కహాల్ కోడిపిల్ల పిండంలో దీన్ని చూసి బొమ్మ గీశాడు, అది చచ్చిన కణజాలం, అయినా ఇది దారి వెతుక్కుంటూ పోయేదే అని పసిగట్టేశాడు (ఆ మనిషి కళ్ళు ఎట్లాంటివో). 1907లో రాస్ హారిసన్ కప్ప పిండం ముక్కని చుక్క ద్రవంలో వేలాడదీసి, పోగు పెరుగుతుంటే బతికుండగానే చూపించాడు. స్పీడ్ అంటారా, రోజుకి ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ, మన సాయంత్రం ట్రాఫిక్ కంటే కొంచెం నయం.

ఇక పోటీలో మొదటిది రోడ్డు థియరీ. పాల్ వైస్ అనే ఆయన 1930లలో గట్టిగా చెప్పింది ఇదే, పోగుకి ఏ అడ్రసూ తెలీదు, కింద గాడి ఎటు ఉంటే అటే పోతుంది, సరైన కనెక్షన్ సంగతి తర్వాత పనిలో పడ్డాక అదే సర్దుకుంటుంది అని. ఇందులో నిజం లేకపోలేదు. మిడత కాళ్ళలో ముందు ఒకటి రెండు పోగులు దారి వేస్తాయి, వెనకొచ్చేవి వాటిని పట్టుకుని కట్టలాగా పోతాయి, పెళ్ళి బస్సు వెనక కార్లు పోయినట్టు. పైగా 2016లో కేంబ్రిడ్జ్ వాళ్ళు కప్ప పిండాల్లో చూపించారు, కంటి పోగులు మెత్తగా ఉన్న కణజాలం వైపు మలుపు తిరుగుతాయని, ఆ మెత్తదనం మారిస్తే దారీ చెడుతుందని. కాబట్టి వైస్‌ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. కానీ రోడ్డు చూస్తే రోడ్డు ఎటు పోతోందో తెలుస్తుంది గానీ ఎక్కడ దిగాలో తెలీదు కదా, నేను ఎవరి బస్సో పట్టుకుని వెనకే పోతే ఆరాంఘర్‌లో తేలేవాణ్ణి.

రెండోది వాసన, అంటే కెమికల్ గుర్తులు. వైస్ దగ్గరే చదువుకున్న రోజర్ స్పెర్రీ గురువు మాటకే ఎసరు పెట్టాడు. 1940లలో నీటిబల్లులు, కప్పల కంటి నరం కోసి, కంటిని తలకిందులుగా తిప్పి పెట్టాడు. మనలా కాదు, వాటికి ఆ నరం మళ్ళీ పెరుగుతుంది. పెరిగాక చూపొచ్చింది, కానీ ఈగ పైన ఉంటే కప్ప కిందికి దూకుతుంది, ముందుంటే వెనక్కి. ఎన్నాళ్ళున్నా అంతే, నేర్చుకోనే లేదు. అంటే ప్రతి పోగూ కన్ను తిప్పినా తిప్పకపోయినా తన పాత ఇంటికే పోయింది, ఎవరో లేబుల్ అంటించినట్టు. దీన్నే 1963లో కెమోఅఫినిటీ పేరుతో రాశాడు.

మరి మన తలలో న్యూరాన్లు దాదాపు 8,600 కోట్లు, జీన్లు చూస్తే సుమారు 20 వేలు, ఒక్కోదానికి ఒక్కో లేబుల్ ఎక్కడ సరిపోతుంది అని మా అమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. అప్పుడే పక్కన పిల్లర్ కనబడింది. పెళ్ళి కార్డు మీద వేసిన గుర్తు కూడా ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ ఒక్కటే. చూడు బిడ్డా, ఇంటింటికీ పేరు అక్కర్లేదు, నంబర్ పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలిస్తే చాలు కదా అన్నా. మెదడులో ఆ నంబర్లే ఎఫ్రిన్లు అనే ప్రోటీన్లు, 1995లో దొరికాయి. కోడిపిల్ల మెదడులో టెక్టమ్ అని ఉంటుంది, కంటి పోగులు దిగే స్టేషన్, అందులో ముందు నుంచి వెనక్కి పోయేకొద్దీ ఎఫ్రిన్ ఎక్కువవుతుంది. తమాషా ఏంటంటే అది పిలిచే వాసన కాదు, తరిమే వాసన. మూసీ ఒడ్డు అనుకోండి, ముక్కు చురుగ్గా ఉన్నోళ్ళు దూరంగానే ఆగిపోతారు, అలవాటు పడ్డోళ్ళు ఒడ్డుకి ఆనుకుని ఇల్లు కట్టుకుంటారు. కణత వైపు రెటీనా పోగులకి ఆ వాసన పట్టే రిసెప్టర్లు ఎక్కువ, అవి ముందే ఆగుతాయి, ముక్కు వైపువి తక్కువ, అవి వెనకదాకా పోతాయి. దీనికి ముందే, 1987లో, ట్యూబింగెన్‌లో బోన్‌హోఫర్ టీమ్ టెక్టమ్ ముందు భాగం పొరలు ఒక చార, వెనక భాగం పొరలు ఒక చార వేసి కణత వైపు పోగుల్ని వదిలితే అవి ముందు చారల మీదే నడిచాయి. వెనక చారలకి వేడి తగిలిస్తే ఆ పట్టింపు పోయింది. అంటే ముందు చార మీద ప్రేమ కాదు, వెనక చారంటే భయం.

పిలిచే వాసనా ఉంది, నెట్రిన్ అనే ప్రోటీన్. 1994లో దాదాపు 25 వేల కోడి పిండాల మెదళ్ళ నుంచి వేరు చేశారు, పేరు మన సంస్కృతం నేతృ నుంచే పెట్టారు, దారి చూపే నేత అని. వెన్నుపాము కింద మధ్య గీత దగ్గర ఫ్లోర్ ప్లేట్ అనే కణాల పట్టీ దీన్ని వదులుతుంది, బేకరీ వాసన వీధంతా పాకినట్టు దూరం నుంచే పోగుల్ని లాగుతుంది అని నేను ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పా. 2017లో రెండు టీములు ఎలుకల్లో ఒక్క ఫ్లోర్ ప్లేట్‌లోనే నెట్రిన్ తీసేస్తే చాలా పోగులు హాయిగా మధ్య గీత దాటేశాయి. అసలు పని ఎక్కువగా చేస్తోంది దారి పొడవునా లోపలి కణాలు వదిలి అక్కడే అంటుకున్న నెట్రిన్ అని తేలింది. తర్వాతి ప్రయోగాల్లో ఫ్లోర్ ప్లేట్‌కీ వాటా ఉందని మళ్ళీ వచ్చింది అనుకోండి, కానీ వాసన కూడా రోడ్డుకి పూసి ఉంటుందంటే రోడ్డు థియరీకి, వాసన థియరీకి మధ్య గోడ సగం పడిపోయినట్టే, నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చింది.

ఇంకోటి, మధ్య గీత దాటాక ఆ పోగు వెనక్కి రాదు. దాటక ముందు ఈగల్లో రోబో అనే రిసెప్టర్ని అణచి ఉంచుతుంది, దాటగానే అది పైకొస్తుంది, అప్పుడు మధ్యలోని స్లిట్ అనే ప్రోటీన్ కంపు కొట్టడం మొదలవుతుంది. రోబో లేని ఈగల్లో పోగులు అటు దాటి ఇటు దాటి తిరుగుతూనే ఉంటాయి, అందుకే దానికి రౌండబౌట్ అని పేరు. మేము కూడా అప్పటికి అదే పిల్లర్ దగ్గర రెండో యూ టర్న్‌లో ఉన్నాం.

మూడోది ప్రాక్టీస్, వాడగా వాడగా కుదురుకోవడం. దారి విషయంలో దీనికి నేను మార్కులు వెయ్యను. 1980లో విలియం హారిస్ ఆక్సోలాటల్ అనే ఇంకో రకం నీటిబల్లి కంటిని కాలిఫోర్నియా నీటిబల్లికి అతికించాడు. ఆ బల్లి ఒంట్లో టెట్రోడోటాక్సిన్ విషం ఉంటుంది, దానికేం కాదు, అతికించిన కంటి నరం మాత్రం మూగబోతుంది. ఒక్క సిగ్నల్ లేకుండానే పోగులు టెక్టమ్ చేరాయి. కానీ చేరాక ఎవరు ఎంత చోటు పట్టుకోవాలి అన్న దగ్గర ప్రాక్టీసే రాజు. హ్యూబెల్, వీజల్ పిల్లిపిల్ల ఒక కన్ను మూసి కుట్టేస్తే తెరిచిన కన్ను కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, దాదాపు మొత్తం ఆక్రమించేసింది. 1981 నోబెల్ సగం స్పెర్రీకి, మిగతా సగం వీళ్ళిద్దరికి (స్పెర్రీకి ఇచ్చింది మెదడు రెండు సగాల పని మీద లెండి, కప్పలకి కాదు).

హాల్ దగ్గర పార్కింగ్ వెతుకుతుంటే "మరి ఒక్కటే రాయమంటే?" అని పట్టుపట్టింది. కెమోఅఫినిటీ రాయి, స్పెర్రీ కప్ప బొమ్మ వెయ్యి, పిలవడం కన్నా తరమడం దగ్గర రెండు లైన్లు ఎక్కువ రాయి, ప్రాక్టీస్ చేరాక పని అని విడిగా పెట్టు, నెట్రిన్ ఫ్లోర్ ప్లేట్ నుంచే వస్తుందని మాత్రం రాయకు అన్నా. "మా మేడమ్ నోట్స్‌ల అదే ఉంది బాబాయ్" అంది. అయితే రెండూ రాయి, ముందు మేడమ్‌ది.