అరికాళ్ళ మంటకి కారణం తేలకపోతే ఏది మేలు: ముందు పరీక్షలా, ముందు మాత్రలా?

రాత్రి పడుకోగానే అరికాళ్ళలో మంట, సూదులు గుచ్చినట్టు పొడుపులు, షుగర్ చూస్తే నార్మల్. ఇలాంటివాళ్ళకి మా తిరుపతిలో సలహాలకి కరువు లేదు. కారణం తేలేదాకా మాత్ర ముట్టుకోవద్దు, వేలూరు పెద్దాసుపత్రికి పోయి పరీక్షలన్నీ చేయించుకో అని ఒకరు, మందుల షాపులో నరాల బలానికి ఏదో ఒకటి తెచ్చుకో చాలు అని ఇంకొకరు.

నేనైతే రెండూ వద్దంటాను. నొప్పికి మందు ఆపుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే కారణం ఏదైనా నరాల నొప్పికి డాక్టర్లు రాసే మాత్రలు చాలావరకు అవే, పైగా అన్ని పరీక్షలూ అయ్యాక కూడా కారణం దొరకనివాళ్ళు బోలెడంతమంది. కానీ బీ12 (తగ్గితే నరాలు దెబ్బతినే విటమిన్) మాత్రో ఇంజెక్షనో మొదలుపెట్టకముందే పరీక్షకి రక్తం ఇచ్చేయాలి. ముందే వేయించుకుంటే రిపోర్టులో బీ12 బాగానే కనిపిస్తుంది, లోపం ఉండిందో లేదో చెప్పడం కష్టమవుతుంది. శాకాహారులు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్ళు ఈ పరీక్ష అస్సలు వదలొద్దు. మూడు నెలల షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) కూడా అప్పుడే చూపించుకోవచ్చు. షాపులో ఇచ్చే 'బలం మాత్రల్లో' చాలావాటిలో బీ6 అనే విటమిన్ ఉంటుంది, అది ఎక్కువ మోతాదులో చాన్నాళ్ళు వాడితే నరాలే దెబ్బతింటాయి (బలం సంగతి దేవుడెరుగు!).

నరాల కరెంటు పరీక్ష నార్మల్ వచ్చింది కాబట్టి ఇదంతా టెన్షనే అంటే ఒప్పుకోకండి. అది పెద్ద నరాలనే చూస్తుంది, మంట పుట్టించే సన్న నరాలు దానికి అందవు.

ఇక మాత్రల్లో ఏది? అమిట్రిప్టిలిన్ చవక, మామూలుగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, నిద్ర కూడా పడుతుంది. కాకపోతే నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకైతే మూత్రం ఆగిపోవచ్చు, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ప్రీగాబలిన్‌తో ఆ బాధలు తక్కువ, కానీ మత్తు, తల తిరగడం, పాదాల వాపు ఉంటాయి, కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. రోజూ ఘాట్ రోడ్డులో బండి నడిపేవాళ్ళకి నేనైతే ఇది వద్దనే అంటాను. డులోక్సెటిన్ మొదట్లో కాస్త వికారం పెడుతుంది, లివర్ జబ్బు ఉంటే కుదరదు, అయితే నొప్పితో పాటు దిగులు కూడా ఉన్నవాళ్ళకి నా ఓటు దానికే. ఏదైనా డాక్టర్ రాస్తేనే, మానేటప్పుడు కూడా మెల్లగానే తగ్గించాలి, రెండ్రోజుల్లో తగ్గలేదని మార్చేయకూడదు.

పాదాలు మొద్దుబారినవాళ్ళు అలిపిరి నుంచి వట్టి కాళ్ళతో ఎక్కాలని మొక్కుకుంటే డాక్టర్‌ని అడిగి బయల్దేరండి, కాలినా కోసుకున్నా తెలియదు. కాళ్ళలో బలం తగ్గుతున్నా, మూత్రం అదుపు తప్పినా మాత్రం ఏ మాత్ర అని ఆలోచించొద్దు, ఆ రోజే మా ఊరి పెద్దాసుపత్రులు రుయాకో స్విమ్స్‌కో ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.