గంటా ఇరవై నిమిషాలు అని చూపించే ఆ యాప్ గురించి

ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐసాలో ఉంటూ ఊళ్ళ మధ్య దూరం, ఫ్లైట్ టైం చెప్పే ఫ్రీ యాప్ చాలా కాలంగా వాడుతున్నా. దూరం కరెక్ట్‌గా చెప్తుంది. ఇంకా నచ్చింది టైం తేడా, మాకూ ఆలిస్ స్ప్రింగ్స్‌కీ అరగంట తేడా, సిడ్నీలో వేసవికి గడియారాలు జరిపినా ఈ రెండు చోట్లా జరపరు, అది ఎప్పుడూ తప్పు చూపించలేదు.

నా కోపమంతా ఆ ఫ్లైట్ టైం మీదే. మా అక్క ఆలిస్ స్ప్రింగ్స్‌లో నర్సు. మౌంట్ ఐసా నుంచి అక్కడికని కొడితే సుమారు 660 కిలోమీటర్లు, 1 గంట 20 నిమిషాలు అని పెద్దక్షరాల్లో వస్తుంది. గంటకి 800 కిలోమీటర్లు పోయే జెట్ అనుకుని ఎక్కడానికి దిగడానికి ఇంకో అరగంట కలిపేస్తుంది, అసలు ఆ రూట్లో విమానం ఉందో లేదో దానికి పట్టదు.

అక్క డెలివరీ టైంలో ఖమ్మం నుంచి నాన్న ఇదే యాప్ చూసి ఫోన్ చేశారు, "గంటా ఇరవై నిమిషాలే కదరా, పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు, బావ కూడా ఊళ్ళో లేడు, అదొక్కతే ఉంది" అని. టికెట్లు చూస్తే డైరెక్ట్ లేదు. బ్రిస్బేన్ వెళ్ళాలి, అంటే తూర్పుకి 1500 కిలోమీటర్లకి పైనే పోయి, అక్కడ రాత్రి ఉండి, మళ్ళీ పడమరకి దాదాపు 2000 వెనక్కి రావాలి. ఇక కారేసుకుని బయల్దేరా. బార్క్లీ హైవే మీద కామోవీల్ దాటి త్రీ వేస్ అనే కూడలి దాకా పోయి, ఎడమకి తిరిగి స్టువర్ట్ హైవే ఎక్కాలి, మొత్తం 1170 దాకా అవుతుంది. చీకటి పడితే ఆవులూ కంగారూలూ రోడ్డు మీదకి వచ్చేస్తాయి కాబట్టి టెన్నంట్ క్రీక్‌లో ఆగక తప్పలేదు. నేను చేరేసరికి పాప పుట్టేసింది. నాన్నకి మాత్రం చాన్నాళ్ళు నేనే కావాలని లేట్ చేశానని మనసులో ఉండిపోయింది, ఎందుకంటే ఆయన ఫోన్లో ఆ నంబర్ అలాగే కనపడుతుంది కదా. ఆ బాధ నాకింకా పోలేదు.

అసలు ఇక్కడ విమానాలు మొదలైందే ఇలాంటి ఊళ్ళని కలపడానికి. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ మొదటి రెగ్యులర్ సర్వీసు 1922 నవంబర్‌లో చార్లెవిల్ నుంచి క్లాన్‌కరీకి, మధ్యలో లాంగ్‌రీచ్‌లో రాత్రి ఆగి. క్లాన్‌కరీ మాకు 120 కిలోమీటర్లే. మారుమూల చోట్లకి డాక్టర్లు విమానంలో వెళ్ళే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు 1928లో పుట్టిందీ అక్కడే. ఇప్పటికీ యాప్ చూపించే ఈ తిన్నటి గీత దూరం నిజంగా పనికొచ్చేది ఆ డాక్టర్ల విమానాలకే, అవీ ఎక్కువగా ప్రొపెల్లర్‌వే కాబట్టి జెట్ లెక్క వాటికీ సరిపోదు.

దూరం కూడా ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకే లెక్క, ఎయిర్‌పోర్ట్ నుంచి కాదు, పెద్ద తేడా లేదులెండి. యాప్ తీసెయ్యలేదు, టైం తేడా కోసం రోజూ చూస్తా. హైదరాబాద్, ఢిల్లీ లాంటి చోట్ల ఉండేవాళ్ళకి ఆ ఫ్లైట్ టైం దాదాపు సరిపోవచ్చు. మాలాంటి ఊళ్ళలో ఉంటే మాత్రం ఆ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో పెద్దవాళ్ళకి పంపకండి, ముందు టికెట్లు దొరుకుతాయో లేదో చూడండి.