టార్చ్ రిపోర్టులో హెర్పిస్ పాజిటివ్ వచ్చింది: విజయనగరం సురక్ష క్లినిక్‌లో నాకు జరిగిన మేలు

విజయనగరంలో ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లి సురక్ష క్లినిక్ ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. సుఖవ్యాధులకు సలహా, పరీక్ష, మందు అన్నీ ఉచితంగా ఇచ్చే చోటు. ఆ పేరు వింటేనే మన ఆడవాళ్లు అటు చూడరు. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే ఏమనుకుంటారో అని భయం. నేను ఐదుకి ఐదు ఇస్తున్నాను. నాలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవాళ్ల కోసం ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు రెండోసారి కూడా కడుపు నిలవలేదు. చూపించుకున్న నర్సింగ్ హోమ్‌లో టార్చ్ ప్యానెల్ రాశారు. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్, అన్నీ ఒకే రక్తంతో చూసే పరీక్ష. ఓ ప్రైవేటు ల్యాబులో ఇచ్చాను. రాత్రి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. మిగతావన్నీ మామూలుగా ఉన్నాయి. ఒక్క లైను మాత్రం లావు అక్షరాల్లో: హెచ్ఎస్‌వీ 1, 2 ఐజీఎం 1.34, పాజిటివ్. హెచ్ఎస్‌వీ అంటే హెర్పిస్ వైరస్, ఐజీఎం అంటే వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల్లో ఒక రకం. పక్కన రేంజ్ ఉంది. 0.9 లోపు నెగటివ్, 1.1 దాటితే పాజిటివ్, మధ్యలో ఉంటే అనుమానం. బట్టల షాపులో బిల్లింగ్ చేసేదాన్ని, అంకెలు చదవడం నాకు కొత్త కాదు. కానీ ఈ అంకెకు అర్థం ఎవరు చెబుతారు? ఫోన్లో వెతికాను. లైంగికంగా సోకుతుంది, ఒంట్లోంచి ఎప్పటికీ పోదు, పుట్టే బిడ్డకు ప్రమాదం. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మా ఆయన రాయపూర్ లైన్లో లారీ నడుపుతారు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. ఇక నా మనసు ఎటు పోయి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే ల్యాబుకు వెళ్లి దీనర్థం ఏమిటని అడిగితే, కౌంటర్లో అబ్బాయి "మీ హస్బెండ్ ఏం చేస్తారు మేడమ్?" అన్నాడు. చెప్పాను. "ఓహో" అని తలూపి, ఆయనకు కూడా ఫుల్ ప్యాకేజీ చేయించమని ఓ కాగితం చేతిలో పెట్టాడు. నా వెనక క్యూలో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆ "ఓహో" గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పరీక్ష చేసినవాళ్లకు దాని అర్థం చెప్పడం చేతకాకపోతే, డాక్టరుకు చూపించుకోండి అంటే సరిపోతుంది కదా. మా అత్తయ్య ఫోన్ చేసి "ఏటమ్మా, రిపోర్టులో ఏటొచ్చింది?" అంటే ఇంకా రాలేదని చెప్పి పెట్టేశాను.

సురక్ష క్లినిక్ సంగతి చెప్పింది మా వీధి ఆశా వర్కర్. మా ఆయన రాగానే ఇద్దరం వెళ్లాం. ఓపీ చీటీ తీసుకుని కూర్చుంటే పిలిచారు. కౌన్సెలర్ మేడమ్ ముందు తలుపు వేశారు. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, ల్యాబు కౌంటర్ దగ్గర నిలబడి వచ్చినదానికి ఆ తలుపు విలువ తెలుస్తుంది. మొదట నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకున్నారు. పొక్కులు, పుండ్లు, మంట, గజ్జల్లో బిళ్లలు ఎప్పుడైనా వచ్చాయా అని ఒక్కొక్కటీ అడిగారు. ఏదీ లేదన్నాను. తర్వాత ఆయన్ని లోపలికి పిలిచి ఇద్దరినీ కలిపి ఒకే ప్రశ్న వేశారు: "జ్వరం వచ్చినప్పుడు మీలో ఎవరికైనా పెదవి మీద నీటి పొక్కులు లేస్తాయా?"

"నాకు చిన్నప్పట్నుంచీ వస్తాయండి" అన్నారు మా ఆయన. అది నిజమే, పెళ్లయినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. జ్వరం వేడికి వచ్చే పొక్కులనే అనుకునేవాళ్లం. అది కూడా హెర్పిస్సే, ఎక్కువగా నోటి దగ్గర వచ్చే టైప్ 1 అని, మర్మాంగాల దగ్గర ఎక్కువగా వచ్చేది టైప్ 2 అని మేడమ్ చెబితే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అక్కడి నుంచి చర్మ, సుఖవ్యాధుల డాక్టరు గారి దగ్గరికి పంపారు. ఆయన నా రిపోర్టు మీద పెన్నుతో ఐజీఎం అన్న మాట చుట్టూ గీత గీసి మాట్లాడారు. మిగతా జబ్బుల్లో ఐజీఎం అంటే ఈమధ్యే సోకిందని అనుకోవడం అలవాటు. హెర్పిస్‌లో ఆ లెక్క కుదరదట. పాత వైరస్ మళ్లీ పైకి లేచినా ఐజీఎం రావచ్చు. అసలు వైరస్ లేకపోయినా తప్పుడు పాజిటివ్ రావచ్చు. పైగా టైప్ 1, టైప్ 2 ఏదో తేల్చి చెప్పదు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాల్లో కూడా హెర్పిస్‌కు ఐజీఎం చేయవద్దనే ఉందని చెప్పారు. గర్భం నిలవకపోవడానికి కారణం వెతకడంలో కూడా టార్చ్ పరీక్ష పెద్దగా ఉపయోగపడదన్నారు. టైప్ 1 ఎంత మామూలు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 50 ఏళ్ల లోపువాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఉంటుంది. చాలామందికి చిన్నతనంలోనే, పెద్దవాళ్ల ముద్దుల్లో అంటుకుంటుంది.

టేబుల్ మీద రంగురంగుల మందు ప్యాకెట్లు ఉన్నాయి. ఎర్ర ప్యాకెట్ హెర్పిస్ పుండ్లకట, లోపల అసైక్లోవిర్ మాత్రలు. అది నాకూ ఇస్తారేమోనని చూస్తుంటే "పొక్కే లేదు కదమ్మా, మందు దేనికి?" అన్నారు డాక్టరు గారు. ఎన్నాళ్లకో గుండెల మీద బరువు దిగింది.

లక్షణాలు లేనివాళ్లకు ఇంకో రక్తపరీక్ష అవసరం లేదని ఆయన స్పష్టంగానే చెప్పారు. నా మనసే ఒప్పుకోలేదు. అయితే టైప్‌లు విడివిడిగా చూపించే ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష మాత్రమే చేయించుకోమన్నారు. యాంటీబాడీలు తయారవడానికి 12 వారాలు, కొందరికి 16 వారాలు కూడా పడుతుంది కాబట్టి తొందరపడి చేయిస్తే నెగటివ్‌ను నమ్మలేం. ఇంకో మాట కూడా రాసుకున్నాను. టైప్ 2 ఐజీజీ 1.1కి, 3కి మధ్య వస్తే అందులో తప్పుడు పాజిటివ్‌లు చాలా ఉంటాయి, ఇంకో పద్ధతిలో నిర్ధారించుకోకుండా నమ్మకూడదు. ఎప్పుడైనా నిజంగా పొక్కులు వస్తే మాత్రం అవి ఎండకముందే, ఒకటి రెండు రోజుల్లోనే వచ్చేయాలి. పొక్కులోంచి దూదిపుల్లతో తీసి వైరస్ జన్యువును వెతికే పీసీఆర్‌ను మించిన పరీక్ష లేదట.

గడువు దాటాక ఐజీజీ బయట చేయించాను. టైప్ 2 నెగటివ్. టైప్ 1 పాజిటివ్. ఆ కాగితం పట్టుకుని మళ్లీ సురక్షకే వెళ్లాను, కౌన్సెలర్ మేడమ్ అంతే ఓపిగ్గా చూశారు. టైప్ 1 పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉందనే గానీ ఎక్కడ ఉందో, ఎవరి నుంచి వచ్చిందో రక్తం చెప్పదన్నారు. ఆయన పెదవి మీద పొక్కు ఉన్నప్పుడు ముద్దులు, నోటితో తాకడం వద్దు, పసిపిల్లల దగ్గరికి అసలే వెళ్లకూడదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: బిడ్డకు ఎక్కువ ప్రమాదం ఉండేది నెలలు నిండే ముందు తల్లికి మొదటిసారి సోకినప్పుడు. పాత ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల బిడ్డలకు ఆ ప్రమాదం చాలా తక్కువ. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఈ రిపోర్టు డాక్టరుకు చూపించమన్నారు. ఇంట్లో అత్తయ్యకు ఏం చెప్పాలో కూడా ఆవిడే నేర్పారు: "నీ కొడుక్కి జ్వరంలో వచ్చే పొక్కే, ఇంకేం కాదు."

మా ఆయన ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నా, లారీ అనగానే మొహం మార్చుకున్నవాళ్లు లేరు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఇద్దరికీ అక్కడే ఉచితంగా చేశారు, రెండూ నెగటివ్.

వెళ్లేవాళ్లు పొద్దున్నే ఓపీ వేళకు వెళ్లండి. భార్యాభర్తలు కలిసి వెళితే మంచిది. ఒక్కరే వెళ్లినా చూస్తారు. వెళ్లడానికి ధైర్యం చాలకపోతే ముందు 1097కి ఫోన్ చేయండి, ఎయిడ్స్ నియంత్రణ వాళ్ల ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు, సుఖవ్యాధుల గురించి కూడా చెబుతారు. రిపోర్టు ఫోన్లో చూపించకుండా ప్రింటు తీసుకెళ్లండి. ఐజీఎమ్మో ఐజీజీయో, అంకె ఎంతో, పక్కన రేంజ్ ఏమిటో, రక్తం ఏ తేదీన ఇచ్చారో, అవన్నీ ఒకే కాగితం మీద కనబడితేనే వాళ్లు సరిగ్గా చెప్పగలరు.