1972 మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపు: ఏళ్ల తరబడి వాడాక

మా మేనమామ నర్సీపట్నం దగ్గర తోటపనులకు వాడిన ఈ జీపు, ఆయన పోయాక నాలుగేళ్లు పాకలో కదలకుండా ఉండిపోయింది. 2014లో దాన్ని విశాఖపట్నంలోని మా ఇంటికి తెచ్చి, రెండేళ్లపాటు సెలవు రోజుల్లో బాగుచేసుకుని, అప్పటినుంచి నెలకు రెండుమూడు సార్లైనా నడుపుతున్నాను.

అమెరికాలో విల్లీస్ సంస్థ 1953లో తెచ్చిన నమూనానే మహీంద్రా ఇక్కడ తయారుచేసింది. బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం లోపలున్న 2.2 లీటర్ల హరికేన్ ఇంజను. దీనికి ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులోను, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన బ్లాకులోను ఉంటాయి కనుక, ట్యాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) సరిచేయాలంటే పైకవరూ పక్కకవరూ రెండూ విప్పాలి. డీజిల్ ఇంజను ఎక్కించమని చాలామంది సలహా ఇచ్చారు. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి ఇవ్వని బండి విషయంలో అది సబబైన సలహానే. అయినా ఐడిలింగులో ఈ ఇంజను వినిపించే మెత్తని చప్పుడును వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. అరిగిన సిలిండర్లను బోరు చేయించి (కొంచెం పెద్దవిగా తొలిపించి), వాటికి సరిపడే ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాను. లేత్ పని తప్ప మిగిలినదంతా మా వాకిట్లోనే జరిగింది.

నన్ను ఎక్కువకాలం తికమకపెట్టింది గేరుబాక్సు. బయట చుక్క ఆయిలైనా కారకుండా దానిలో ఆయిలు తగ్గుతూ వచ్చేది. ప్రతిసారీ పోస్తూ ఉండగా, ఒకరోజు దాని వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) ప్లగ్గు విప్పితే ఆయిలు ధారగా పొంగింది. రెంటి మధ్యనున్న సీలు అరిగి, ఒకదానిలోది మరొకదానిలోకి చేరుతోందని అప్పుడు తెలిసింది. రెండూ దించి సీలు మార్చాక ఆ బాధ తప్పింది. కాబట్టి ఈ జీపు కొనేవారు ఆయిలు చూసేటప్పుడు రెండు ప్లగ్గులూ విప్పి చూడాలి. పోసేది జీఎల్-4 రకం 90 గ్రేడు గేరు ఆయిలై ఉండాలి. జీఎల్-5 రకంలోని రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజరు రింగులను తినేయగలవు.

బ్రేకుల గురించి గట్టిగానే చెప్పాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, వాటన్నిటికీ ఒకే హైడ్రాలిక్ లైను. లంబసింగి నుంచి దిగుతుండగా వెనకచక్రం బ్రేకు సిలిండరు రబ్బరు పాడై, ఆయిలు కారిపోయి పెడలు నేలకు తగిలింది. రెండో గేరులో, హ్యాండ్‌బ్రేకు సాయంతో మలుపు దాటి ఆపగలిగాను. అప్పటినుంచి ఏటా వానాకాలానికి ముందు నాలుగు డ్రమ్ములూ విప్పి, రబ్బర్లు మారుస్తున్నాను. సగం మరమ్మతుతో ఘాటీ ఎక్కవద్దని నా మనవి.

సముద్రపు గాలికి ఫ్లోరు రేకు రెండుసార్లు తుప్పుపట్టింది. మొదటిసారి పైపైన అతుకు వేయించడం పొరపాటు. రెండోసారి తుప్పంతా కోసేసి కొత్త రేకు టింకరింగు చేయించాక నిలిచింది. ఇథనాల్ కలిపిన పెట్రోలు పెరిగాక పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ పాడైంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేశాను. నెలలతరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచడం మానేశాను.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధనలు వచ్చాయి. ఆ రిజిస్ట్రేషను తీసుకుంటే రోజువారీ పనులకు రోడ్డెక్కించే వీలుండదు. నాకు తోటకు వెళ్లే బండి కావాలి కనుక మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకుంటున్నాను.

దూరప్రయాణాలకు దీన్ని కొనవద్దు: గంటకు 60 కిలోమీటర్లు దాటితే స్టీరింగు తేలిపోతుంది, మాట వినబడదు. ముందు ఇరుసుకు శక్తినిచ్చే లివరును తారురోడ్డు మీద వేయకూడదు. ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేనందున గేర్లు బిగుసుకుంటాయి. బురదలో, రాళ్లలో మాత్రం లో-రేంజిలో (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరులో) పెట్టి క్లచ్ వదిలితే యాక్సిలరేటరు తొక్కకుండానే నడుస్తుంది. మొన్నటి వర్షాల్లో తోటదారిలో కూరుకుపోయిన ట్రాక్టరు ట్రాలీని అలాగే బయటికి లాగింది.