తొమ్మిది వేల రూపాయల కోళ్ల గూడు, ఎదురింటి టైగరు

సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా మా పెరట్లో నాలుగు కోళ్లు పోయాయి. మూడు పెట్టలు, కనుమ కోసమని ఏడాదిగా మేపుతున్న డేగ పుంజు. పొద్దున్న పదకొండు గంటలకి అంగన్‌వాడీ నుంచి ఒక రిజిస్టరు కోసం ఇంటికొచ్చాను. గోరింట చెట్టు కింద ఒకటి, తొట్టి పక్కన రెండు, దారిలో పుంజు. ఒక్కటీ తిన్నది లేదు. మెడ పట్టి విదిలించి పడేసినట్టు ఉన్నాయి. బావురు పిల్లి అయితే ఒకదాన్ని ఎత్తుకుపోతుంది, అదీ రాత్రి పూట. పట్టపగలు వచ్చి, ఆటలాడినట్టు చంపి వదిలేసేది కుక్కే. ఎదురింటి టైగరు మూతికి ఈకలు అంటుకుని మా గుమ్మంలోనే నిలబడి ఉంది కాబట్టి పెద్ద విచారణ అక్కర్లేకపోయింది. ముందు ఫోన్ తీసి ఫోటోలు కొట్టాను. తర్వాతే ఏడ్చాను.

మాది గరివిడి దగ్గర ఊరు. ఊళ్లో సగం మంది చీపురుపల్లిలోనే పనులు చేయించుకుంటారు. నేనూ అక్కడే ఒక వెల్డింగ్ షాపులో గూడు చెప్పాను. ఈ రాసేది ముఖ్యంగా ఆ గూడు గురించే. వాడి ఎనిమిది నెలలైంది, ఒక వానాకాలం గడిచింది, ఇప్పుడు మంచీ చెడ్డా చెప్పగలను.

పొడవు 6 అడుగులు, వెడల్పు 4, ఎత్తు 5. అంగుళం చదరపు పైపుతో ఫ్రేము, చుట్టూ అంగుళం కన్ను ఉన్న, 12 గేజి మందం తీగతో చేసిన వెల్డ్ మెష్ జాలీ, పైన రేకు. ఇనుము లెక్కన కేజీ 130 రూపాయలు మజూరీతో కలిపి. 64 కేజీలు తూగింది, అంటే 8,320. రేకుకి 900, ఆటోకి 400. మొత్తం 9,620. నాటుకోడి ధర తెలిసినవాళ్లకి ఇది ఎన్ని కోళ్ల ఖరీదో నేను చెప్పక్కర్లేదు. మా ఆయన ఆ లెక్క వేసి రెండు రోజులు మాట్లాడలేదు.

షాపువాళ్లు మొదట చూపించింది ఆరు మూలల కన్నున్న సన్న కోళ్ల జాలీ. సగం ఖర్చులో అయిపోతుందన్నారు. దయచేసి ఆ మాట వినకండి. ఆ జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని బయట ఆపదు. మా పిన్నిగారి ఊళ్లో కుక్క దాన్ని పళ్లతో పట్టి లాగితే పాత లుంగీలా చిరిగిపోయింది. వెల్డ్ మెష్‌లో ప్రతి కన్ను దగ్గరా తీగ అతికి ఉంటుంది, ఒకచోట తెగినా మిగతాది విడిపోదు. టైగరు మొదటి వారం మళ్లీ మళ్లీ వచ్చి ముందు కాళ్లతో గుద్దింది. తీగ కొంచెం లోపలికి వంగింది, అంతే.

ఇక లోపాలు. వారంలో ఇస్తామన్నది ముక్కనుమ దాటి మరో వారానికి ఇచ్చారు. పండగ కదా, సరే. కానీ గొళ్లెం మాత్రం క్షమించలేను. పైకి లేపితే ఊడొచ్చే రకం పెట్టారు. మూడో రోజే టైగరు మూతితో లేపేసింది. అదృష్టం, నేను అక్కడే నూకలు జల్లుతున్నాను. బజారులో 60 రూపాయల అడ్డ గడియ కొని, దానికి చిన్న తాళం వేశాను. తలుపు కింద రెండు వేళ్ల సందు వదిలారు, అది ముంగిసకి రాజమార్గం. అక్కడ చెక్క పలక కొట్టుకున్నాం. వెల్డింగ్ పెట్టినచోట జింకు పూత కాలిపోతుంది, అక్కడ వెంటనే రంగు వేయాలి. వాళ్లు వేయలేదు. ఆగస్టు వానలకి మూలలన్నీ ఎర్రబడ్డాయి. అడిగితే, "అమ్మా, ఇనుమన్నాక తుప్పు పట్టదేటి?" అన్నారు.

గూటి అడుగు భాగం సంగతి వాళ్లూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. కుక్క గూడుని చీల్చలేకపోతే తవ్వుతుంది. రెండో వారంలో ఓ మూల జానెడు గొయ్యి కనబడింది. గరివిడి పశువైద్య కళాశాలలో చదివే మా చెల్లి కొడుకు చెప్పిన ఉపాయం ఏమిటంటే, మెష్‌ని గోడలా భూమిలోకి దించే బదులు గూడు చుట్టూ బయటి వైపు అడుగు వెడల్పున నేల మీద పరిచి, గూటి అడుక్కి తీగతో కట్టి, పైన మట్టీ ఇటుకలూ వేయడం. కుక్కకి బుర్ర ఉన్నా, తవ్వేది మాత్రం గోడ మొదట్లోనే. అక్కడ గోళ్లకి తీగ తగులుతుంది, వదిలేస్తుంది. అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన టైగరుకి ఇప్పటిదాకా రాలేదు. దీనికి ఇంకో 700 అయ్యింది.

గూడు వచ్చేలోపు ఎదురింటి మావయ్యగారితో జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అడుగుతున్నారు.

"మా టైగరు కోళ్ల జోలికెళ్లదమ్మా. ఈది కుక్కల పనే అయ్యుంటాది" అన్నారు మొదట. ఫోటోలు చూపించాను. "మరి నీ కోళ్లు మా మిరప నారు కెలికీలేదేటి?" అన్నారు. అది నిజమే. ఒప్పుకున్నాను.

మా అత్తగారు కుక్కని బందెలదొడ్డికి తోలమన్నారు. బందెలదొడ్డి గురించి ఉన్న 1871 నాటి చట్టంలో ఆవులు, గేదెలు, మేకలు, పందులు అన్నీ ఉన్నాయి, కుక్క లేదు. మా మరిదిది ఇంకా వేడి బుర్ర, మాంసంలో గుళికల మందు కలిపి పెడతానన్నాడు. వద్దురా అని చేతులు పట్టుకున్నాను. కుక్కకి మందు పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కోళ్లు పోగొట్టుకున్నది మనం, జైలుకి పోయేదీ మనమే. వీధి కుక్కని చంపినా నేరమే. వీధి కుక్కల సంతతి అదుపు కోసం వచ్చిన 2023 నియమాల ప్రకారం వాటిని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత పంచాయతీది.

ఇక పోలీసు కేసంటే, పెంపుడు జంతువుని అజాగ్రత్తగా వదిలేస్తే అదే సంహితలో 291వ సెక్షన్ ఉంది. 6 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. కానీ అది మనిషికి ప్రాణాపాయమో పెద్ద గాయమో అయ్యేలా ఉంటేనే. కోడి మనిషి కాదు కదా. పోయిన కోళ్లకి డబ్బు రాబట్టుకోవడం సివిల్ దారి. న్యాయ సహాయానికి ఉన్న 15100 నంబరుకి ఫోన్ చేస్తే చాలా ఓపిగ్గా చెప్పారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కాగితం పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలుస్తారు, కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇది నాకు అప్పటిదాకా తెలియదు, అంగన్‌వాడీలో తల్లులకి ఇన్ని పథకాలు చెబుతాను గానీ.

అర్జీ రాశాను. పెట్ట 800 చొప్పున మూడు, పుంజు 2,000, మొత్తం 4,400. ఇచ్చే ముందు మర్యాదగా ఉంటుందని మావయ్యగారికి చదివి వినిపించాను. కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు ఆయనే చదువుకున్నారు. సాయంత్రం వాళ్లింటి అత్తయ్యగారు 2,500 తెచ్చి ఇచ్చారు, మిరప నారు లెక్క తీసేసి. నేను బేరమాడలేదు. పగలు గొలుసు వేస్తామన్నారు. వేస్తున్నారు కూడా, నాలుగు రోజులకి మూడు రోజులు.

గూటికి అయిదుకి నాలుగు ఇస్తాను, షాపుకి రెండున్నర. 11 కోళ్లు రాత్రికి హాయిగా సర్దుకుంటాయి, అంతకు మించితే ఇరుకే. పగలు ఇంట్లో మనిషి ఉన్నప్పుడే బయటికి వదులుతాను, లేకపోతే తాళం. గుడ్లు ఒక్క చోటే దొరకడం నేను అనుకోని లాభం.

మొన్న ఆదివారం బూడిద రంగు కోడిపెట్టని 12 గుడ్ల మీద పొదగేశాను. 21 రోజులకి పిల్లలు దిగుతాయి, అంగుళం కన్నులోంచి అవి ఇట్టే బయటికి వచ్చేస్తాయి. కింద నుంచి అడుగు ఎత్తు మేర అరంగుళం కన్ను మెష్ చుట్టాలి. షాపుకి ఫోన్ చేశాను. "రేపు పంపిస్తామమ్మా" అన్నారు. ఇవాళ్టికి అయిదో రేపు.