ఇంట్లో స్కీలు అతికించడానికి వాక్యూమ్ బ్యాగా, గాలి ప్రెస్సా?

మంచు మీద జారే స్కీలో కింది నుంచి పైకి పొరలు ఇవి: పాలిథిలిన్ బేస్, ఉక్కు అంచులు, ఫైబర్‌గ్లాస్, చెక్క కోర్ (నడిమి భాగం), మళ్లీ ఫైబర్‌గ్లాస్, టాప్‌షీట్ (పై పొర). ఎపాక్సీ జిగురు గట్టిపడేదాకా ఈ పొరలన్నిటినీ అచ్చు మీద నొక్కి ఉంచాలి. ఎలా నొక్కాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు.

ఒత్తిడి: వాక్యూమ్ అంటే పొరల్ని ప్లాస్టిక్ బ్యాగులో మూసి, పంపుతో లోపలి గాలి లాగేయడం. అప్పుడు నొక్కేది బయటి గాలే. ఎంత పెద్ద పంపు పెట్టినా చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు దాటదు. ప్రెస్‌లో ఉక్కు బీముల మధ్య అచ్చు పెట్టి, ఫైర్ హోస్‌ను గాలితో ఉబ్బించి 45 దాకా తీసుకెళ్లవచ్చు.

ఖర్చు: వాక్యూమ్‌కి పంపు, ప్లాస్టిక్ షీటు, సీలింగ్ టేపు చాలు. షీటూ టేపూ మాత్రం మళ్లీ మళ్లీ కొనాలి. ప్రెస్‌కి ఉక్కు బీములు, కంప్రెసర్, పైగా గరాజ్‌లో శాశ్వతంగా చోటు.

శ్రమ: వాక్యూమ్‌లో స్కీ ముక్కు దగ్గర ఉక్కు అంచు పట్టీని ముందే కచ్చితంగా వంచాలి. కాస్త తేడా ఉన్నా ఆ ఒత్తిడికి అది లొంగదు, అక్కడే పొర విడిపోతుంది.

రిస్కు: వాక్యూమ్‌కి లీకే శత్రువు. అంచు కొస బ్యాగుని గుచ్చితే తెల్లారేసరికి పొరల మధ్య బుడగలే. కొసల మీద బ్రీదర్ గుడ్డ (బ్యాగు లోపల గాలి పోయే దారి ఇచ్చే మెత్తటి గుడ్డ) రెండు మడతలు వేయండి. ఎపాక్సీ కలపకముందే ఒకసారి గాలి లాగి, పంపు కట్టేసి, పావుగంట గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడండి. ప్రెస్ లీకైతే తెలుస్తుంది. విరిగితే ప్రాణం మీదికొస్తుంది. 180 సెం.మీ. పొడవు, సగటున 10 సెం.మీ. వెడల్పున్న స్కీ మీద చదరపు అంగుళానికి 45 పౌండ్లంటే మొత్తం సుమారు 5.7 టన్నులు. కంటికి ఆనిన వెల్డింగ్‌ని నమ్మకండి, లెక్క కట్టించండి.

ఒకటి రెండు జతలే చేసేవారికి, అద్దె గరాజ్‌లో ఉన్నవారికి వాక్యూమ్. ఏటా కొత్త డిజైన్లు చేస్తూ, హీటింగ్ బ్లాంకెట్‌తో త్వరగా గట్టిపరచాలనుకునేవారికి ప్రెస్సే.