కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్: ఇచిరోను వెతుక్కుంటూ వెళ్లిన ఒక సియాటిల్ అభిమాని సమీక్ష

న్యూయార్క్ రాష్ట్రంలో ఒట్సెగో సరస్సు ఒడ్డున ఉన్న కూపర్స్‌టౌన్ జనాభా రెండు వేలకు మించదు. మేటి ఆటగాళ్లను ఎన్నుకుని గౌరవించే అమెరికా జాతీయ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, దానితో కలిసి ఉన్న మ్యూజియం 1939 నుంచి ఆ ఊరి మెయిన్ స్ట్రీట్‌లోనే నడుస్తున్నాయి. దగ్గరలో పెద్ద విమానాశ్రయం లేదు. ఆల్బనీలో దిగి దాదాపు గంటన్నర కారులో వెళ్లాలి. జపాన్ నుంచి వచ్చి మా సియాటిల్ మెరీనర్స్ జట్టుకు ఆడిన ఇచిరో సుజుకి ఆటను ఏళ్ల తరబడి స్టేడియంలో కూర్చుని చూసిన నేను, అంత దూరం ఒకే ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్లాను. మేము గుర్తుంచుకున్న ఇచిరో అక్కడ కనిపిస్తాడా, లేక అతని అంకెలు మాత్రమే కనిపిస్తాయా అన్నదే ఆ ప్రశ్న. కాబట్టి టికెట్టు, పార్కింగు వంటి విషయాల కన్నా ఆ ప్రశ్న గురించే ఎక్కువగా రాస్తున్నాను.

కింది అంతస్తులోని ఫలకాల గ్యాలరీ ఈ సంస్థకు గుండెకాయ. హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన 350 మందికి పైగా సభ్యుల కంచు ఫలకాలు, ఎన్నికైన సంవత్సరాల వరుసలో, ఓక్ చెక్క గోడల మీద అమర్చి ఉంటాయి. 1936లో ఎన్నికైన తొలి అయిదుగురు టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్. అక్కడి నుంచి ఒక్కో దశాబ్దం దాటుకుంటూ వస్తుంటే, ఎవరూ చెప్పకుండానే అందరి గొంతులూ తగ్గిపోవడం గమనించాను. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. గొప్ప ఆటగాడికీ మరీ గొప్ప ఆటగాడికీ ఫలకం ఒకే కొలతలో ఉండడం అంతకన్నా నచ్చింది.

ఇచిరో ఫలకం 2025 వరుసలో ఉంది. ఎన్నుకునే బేస్‌బాల్ రచయితలు (పాత్రికేయులు) వేసిన 394 ఓట్లలో 393 అతనికే పడ్డాయి. ఆసియాలో పుట్టి ఆటగాడిగా ఈ గౌరవం పొందిన మొదటివాడు అతనే. ఫలకంలోని టోపీ మీద మా మెరీనర్స్ గుర్తు ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. సంతోషం కలిగింది గాని, లోపల ఏదో వెలితి మాత్రం తీరలేదు. ఎందుకంటే మా జ్ఞాపకంలోని ఇచిరో ఎప్పుడూ కదులుతూనే ఉంటాడు. కుడి చేత్తో బ్యాటును నిటారుగా బంతి విసిరే పిచర్ వైపు చాచి, ఎడమ చేత్తో కుడి భుజం దగ్గర చొక్కాను సర్దుకునేవాడు. బంతి బ్యాటుకు తగులుతుండగానే అతని కాళ్లు మొదటి బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన తొలి మజిలీ) వైపు పరుగు అందుకునేవి. 2001 ఏప్రిల్ 11న ఓక్‌లాండ్‌లో, మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తిన టెరెన్స్ లాంగ్‌ను అవుట్ చేయడానికి మైదానం కుడి కొసన ఉండే రైట్ ఫీల్డ్ నుంచి అతను విసిరిన విసురు చూసినవారెవరూ మరచిపోలేరు. కొద్ది లైన్ల కంచు రాతలో ఆ కదలిక పట్టదు. అది చెక్కినవారి లోపం కాదు, ఆ మాధ్యమానికి ఉన్న హద్దు.

అయినా నాకు కావలసింది అదే గ్యాలరీలో, ఇచిరో ఫలకానికి చాలా దూరంలో దొరికింది. 1939లో ఎన్నికైన జార్జ్ సిస్లర్ ఫలకం చూడమని ప్రతి సియాటిల్ అభిమానికీ గట్టిగా చెబుతాను. 1920లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తరఫున ఒకే సీజన్‌లో 257 హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరిన సందర్భాలు) కొట్టినవాడు సిస్లర్. ఆ రికార్డు 84 ఏళ్లు నిలిచింది. 2004 అక్టోబరు 1న సియాటిల్‌లో, టెక్సాస్ రేంజర్స్‌తో జరిగిన ఆటలో, ఇచిరో మొదటి ఇన్నింగ్స్‌లో దాన్ని సమం చేసి మూడో ఇన్నింగ్స్‌లో దాటాడు. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. సహచరులు చుట్టుముట్టి అభినందించిన తర్వాత ఇచిరో నేరుగా స్టాండ్స్‌లో ఉన్న సిస్లర్ కుటుంబం దగ్గరికి వెళ్లి, వృద్ధురాలైన ఆయన కుమార్తెతో గౌరవంగా చేయి కలిపాడు. ఆ సీజన్‌ను అతను 262 హిట్లతో ముగించాడు. సిస్లర్ కాలంలో సీజన్‌కు 154 ఆటలే ఉండేవని, ఇప్పుడు 162 ఉన్నాయని వాదించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదనకు ఇచిరో ఎప్పుడూ నోటితో జవాబు చెప్పలేదని నేననుకుంటాను. 2009లో ఆల్ స్టార్ ఆట కోసం సెయింట్ లూయిస్ వెళ్లినప్పుడు సిస్లర్ సమాధి దగ్గరికి వెళ్లి పూలు ఉంచి వచ్చాడు. ఒక ఆటగాడి జీవితాన్ని గుర్తుంచుకోవడం ఎలాగో మాకు నేర్పినవాడు ఇంకొక ఆటగాడే. సిస్లర్ ఫలకం మీద 257 హిట్లు ఇప్పటికీ ఆయన పేరిట ఉన్న రికార్డుగానే కనిపిస్తాయి. దాన్ని దిద్దకుండా వదిలేయడం నాకు న్యాయంగానే తోచింది, ఎందుకంటే ఆ రాత ఆయనను ఎన్నుకున్న తరం ఎరిగిన సత్యం.

అయితే దిద్దిన సందర్భాలూ ఉన్నాయి, వాటి కథ తెలుసుకుని చూస్తే ఈ గ్యాలరీ మరింత విలువైనదిగా కనిపిస్తుంది. 1962లో జాకీ రాబిన్సన్‌కు చేసిన ఫలకంలో ఆయన ఆట గురించి తప్ప, 1947లో నల్లజాతివారికి పెద్ద లీగుల తలుపులు తెరిచిన సంగతి ఒక్క ముక్క కూడా లేదు. తనను ఆటగాడిగానే తూచాలని ఆయన కోరుకున్నాడు. 2008లో ఆ ఫలకం స్థానంలో కొత్తది పెట్టి, ఆయన ఎదుర్కొన్న ఒత్తిడినీ, చూపిన ధైర్యాన్నీ చేర్చారు. సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకువెళ్తూ విమాన ప్రమాదంలో మరణించిన రోబెర్తో క్లెమెంటే పేరును మొదట తప్పు వరుసలో చెక్కారు; తల్లి ఇంటి పేరు చివర రావాలన్న స్పానిష్ ఆచారం ప్రకారం 2000లో దాన్ని సరిచేశారు. సంస్థ తన తప్పును ఒప్పుకుని కంచును మళ్లీ పోత పోయించడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

మ్యూజియం అంతస్తులు గ్యాలరీకి భిన్నమైన పని చేస్తాయి. ఫలకం దక్కాలంటే రచయితల ఓట్లలో గానీ, సంస్థ నియమించే కమిటీ ఓట్లలో గానీ 75 శాతం రావాలి. మ్యూజియంలో చోటుకు ఆ నిబంధన లేదు. పందాలు కాసి నిషేధానికి గురైన 4,256 హిట్ల పీట్ రోజ్‌కు గానీ, ఉత్తేజకాలు వాడాడన్న అనుమానాలున్న 762 హోమ్ రన్ల (బ్యాటర్ అన్ని బేసులూ చుట్టి వచ్చే పెద్ద దెబ్బల) బ్యారీ బాండ్స్‌కు గానీ ఫలకం లేదు, కానీ వారిని వదిలేసి ఈ ఆట చరిత్ర చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అంతవరకు అత్యధిక హోమ్ రన్లు కొట్టిన హ్యాంక్ ఆరన్ రికార్డును దాటిన బాండ్స్ 756వ హోమ్ రన్ బంతిని ఒక ఫ్యాషన్ డిజైనర్ వేలంలో కొని, దాన్ని ఏం చేయాలో జనాన్నే ఓటు అడిగాడు. జనం చెప్పినట్టే దాని మీద, రికార్డును అనుమానించేవారు వాడే నక్షత్రం గుర్తు (*) ముద్ర వేయించి ఈ మ్యూజియానికి ఇచ్చాడు. అభిమానుల అనుమానాన్ని తన ఒంటి మీద మోస్తున్న వస్తువు ఇంతకన్నా స్పష్టమైనది నేనెరిగి లేదు. 2025లో మొదలైన జపాన్, అమెరికా బేస్‌బాల్ బంధాల ప్రదర్శనకు కనీసం ఒక గంట కేటాయించండి. ఇచిరో జపాన్ లీగులో కొట్టిన 1,278, అమెరికాలో కొట్టిన 3,089 కలిపి 4,367 హిట్లను ఒకే జీవితంగా చూడాలా వద్దా అని మేము ఏళ్ల తరబడి వాదించుకున్న ప్రశ్నకు అక్కడ సరైన నేపథ్యం దొరుకుతుంది. కలిపే చూడాలన్నది నా పక్షం.

ఒక్క పూటలో చూసి వెళ్దామనుకునేవారికి ఈ చోటు తృప్తినివ్వదు. రెండు రోజులు పెట్టుకోండి. మొదట మ్యూజియం చూసి, చివర గ్యాలరీకి రండి. నేను తిరగేసి చేశాను, అందుకే రెండో రోజు మళ్లీ ఇచిరో ఫలకం దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. అప్పుడు పక్కన ఒక పెద్దాయన మనవడికి ఆ బ్యాటు పట్టే భంగిమ చేసి చూపిస్తున్నాడు. చొక్కా సర్దుకోవడంతో సహా అంతా సరిగ్గా చేశాడు. ముందురోజు నాకు వెలితిగా తోచినది కంచుకు బయట, చూడ్డానికి వచ్చినవారి ఒంట్లో ఉంది.

ఫలకం దక్కని ఆటగాడి అభిమానులకు ఒక మాట. ఇక్కడి గ్రంథాలయంలో పెద్ద లీగుల్లో ఆడిన ప్రతి ఆటగాడి పేరిటా, ఒకే ఒక్క ఆట ఆడినవాడి పేరిట సైతం, పత్రికల కత్తిరింపులతో ఒక ఫైలు ఉంటుంది. ముందుగా రాసి సమయం అడిగితే దాన్ని మీ ముందు పెడతారు. ఈసారి ఆ పని నేను చేయలేదు. 2001లో 116 విజయాలు సాధించిన మా మెరీనర్స్ జట్టులో ఇప్పుడు ఎవరూ తలచుకోని ఆటగాళ్లు కొందరున్నారు. వచ్చే వేసవికి వాళ్ల పేర్లతోనే ఉత్తరం రాయబోతున్నాను.